ఒకటే కుయ్‌కుయ్, వెనక కారణాలు ఎన్నో

కుక్క మొరిగితే ముందు పక్కింటివాళ్లు ఇబ్బంది పడతారు. కుయ్యిమంటే ఇంట్లోవాళ్లు. మొరుగుడుకు ఒక మొదలూ చివరా ఉంటాయి. గేటు దగ్గరికి ఎవరో వస్తారు, వెళ్తారు, అయిపోతుంది. ఈ సన్నటి మూలుగుకు మాత్రం అంతూ పొంతూ ఉండదు. తలుపు దగ్గర మొదలవుతుంది, వంటగది దాకా మన వెనకే వస్తుంది, చివరికి మన కాళ్ల దగ్గర పడుకుని కూడా సాగుతూనే ఉంటుంది. నాలుగు రోజులయ్యేసరికి ఇంట్లో ఎవరో ఒకరు "దీనికి ఏం కావాలో చెప్పదు కదా" అని విసుక్కుంటారు. అది చెబుతూనే ఉంది. మన మాటల్లో చెప్పడం దానికి రాదు, అంతే.

మా ఇంట్లో మల్లి అనే నాటు కుక్క ఉంది. సంక్రాంతి సెలవుల్లో మా సందు చివర దొరికింది. తల్లిని ఏదో బండి గుద్దేసింది. అప్పటికి దానికి అయిదు వారాలు ఉంటాయేమో. హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో దాని మొదటి ఏడాదంతా ఈ కుయ్‌కుయ్‌తోనే గడిచింది. కనబడిన ప్రతివాళ్లనీ అడిగాం. "అస్సలు పట్టించుకోకండి" అన్నారు కొందరు. "గట్టిగా గదమాయించండి" అన్నారు ఇంకొందరు. "పాపం, దగ్గరికి తీసుకోండి" అంది మా అమ్మ. మొదటి సలహా, మూడో సలహా ఒక్కో సందర్భంలో సరైనవే, ఇంకో సందర్భంలో అవే చెరుపు చేస్తాయి. గదమాయించడం మాత్రం ఏ సందర్భంలోనూ పనికొచ్చినట్టు నేను చూడలేదు. ఎప్పుడు ఏది చేయాలో ఎవరూ చెప్పకపోవడమే అసలు చిక్కు.

ఈ శబ్దం ఎక్కడి నుంచి వచ్చింది

పుట్టినప్పుడు కుక్కపిల్లకు కళ్లు కనబడవు, చెవులు వినబడవు. కళ్లు తెరవడానికే పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఒంట్లో వేడిని నిలుపుకునే శక్తి కూడా అప్పటికి ఉండదు. తల్లి పొట్ట దగ్గర నుంచి కాస్త దొర్లిపోతే చలి. అప్పుడు దాని దగ్గర ఉన్నది ఒక్క గొంతే. కుయ్యిమంటుంది. తల్లి మూతితో నెట్టి దగ్గరికి లాక్కుంటుంది. అంటే ఆ శబ్దం చేస్తే ఎవరో ఒకరు వస్తారని ఆ ప్రాణి లోకాన్ని చూడకముందే నేర్చుకుంటుంది.

అమెరికా జంతుశాస్త్రవేత్త యూజీన్ మోర్టన్ 1977లో పక్షుల్లో, పాలిచ్చే జంతువుల్లో ఉన్న ఒక పోలికను వివరించాడు. కోపంగా ఉన్న ప్రాణి గొంతు బొంగురుగా, లోతుగా ఉంటుంది. భయపడుతున్నదో, బతిమాలుకుంటున్నదో అయితే సన్నగా, పైస్థాయిలో పలుకుతుంది. పెద్ద ఒంటికి బరువైన గొంతు, చిన్న ఒంటికి సన్న గొంతు కదా. కాబట్టి సన్నగా పలకడమంటే తనను తాను చిన్నది చేసుకోవడం. మనమూ పసిపిల్లతో సన్నగా మాట్లాడతాం, కసిరేటప్పుడు గొంతు బరువు చేస్తాం. తోడేళ్లు పెద్దయ్యాక కూడా ఒకదాన్నొకటి పలకరించుకునేటప్పుడు, పెద్ద తోడేలు ముందు తగ్గేటప్పుడు ఇలాగే కుయ్యిమంటాయి. మనుషుల పంచన కనీసం పదిహేను వేల ఏళ్లుగా బతుకుతున్న కుక్కకు ఆ గొంతు మన మీద కూడా పనిచేస్తుందని బాగా తెలుసు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రాత్రిపూట కుక్క ఏడిస్తే కీడు అని మన ఊళ్లలో గట్టి నమ్మకం. వాళ్లు కీడనుకునేది ఊళను. ఊళ అంటే దూరంగా ఉన్న తన జాతిని పిలవడం, నేనిక్కడ ఉన్నానని చెప్పడం. మూలుగు దగ్గరున్నవాళ్ల కోసం. రెండింటిలోనూ చావు కబురు లేదు. ఈ నమ్మకం పేరుతో రాళ్లు తిన్న కుక్కల్ని, ఊరి బయట వదిలేసిన కుక్కల్ని చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ముందు ఒళ్లు చూడాలి

మల్లికి ఎనిమిది నెలలప్పుడు, వానాకాలంలో, సాయంత్రాలు కొత్తగా ఒక మూలుగు మొదలైంది. ఒక ట్రెయినర్‌కు ఫోన్ చేస్తే "మీ దృష్టి కోసం చేస్తోంది, ఎవరూ దాని వంక చూడకండి" అని చెప్పాడు. నాలుగు రోజులు అలాగే చేశాం. అయిదో రోజు మా అమ్మాయి దాని తల నిమురుతుంటే కెవ్వుమంది. చెవి మడత తిప్పి చూస్తే లోపలంతా ఎర్రగా వాచి, వాసన వస్తోంది. డాక్టరు శుభ్రం చేసి చుక్కల మందు రాశారు. వారానికి మూలుగు ఆగిపోయింది. నొప్పి అని నాలుగు రోజులు అది మాతో చెప్పింది. మేం మొహం తిప్పుకుని కూర్చున్నాం. తలచుకుంటే ఇప్పటికీ బాధే.

అందుకే ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే. ఎప్పుడూ లేనిది కొత్తగా మొదలైన మూలుగును అలవాటు అనుకోకండి. డాక్టరు చూసి ఒంట్లో ఏమీ లేదన్నాకే మిగతా ఆలోచనలు. తల విదిలిస్తోందా, ఒకే చోట పదేపదే నాకుతోందా, మెట్టెక్కడానికి వెనకాడుతోందా, తిండి తగ్గించిందా, లేచేటప్పుడు మూలుగుతోందా అని గమనించి ఆ సంగతులు డాక్టరుకు చెప్పండి. మన దగ్గర పిడుదులు ఎక్కువ, వాటితో వచ్చే జ్వరాలూ ఎక్కువ. ఆ జ్వరంలో కుక్క నీరసపడి, కీళ్లు పట్టేసి నడవలేక కుయ్యిమనవచ్చు. వయసు మీదపడిన కుక్కలకు చలికాలం పొద్దున్నే కీళ్లనొప్పులుంటాయి. పది దాటిన కుక్క రాత్రంతా ఇల్లు తిరుగుతూ, మూలకు మొహం పెట్టి నిలబడి, దారి తప్పినట్టు మూలుగుతుంటే అది మెదడుకు వచ్చే ముసలితనం కావచ్చు. మనుషుల్లో మతిమరుపు జబ్బు లాంటిదే. పూర్తిగా నయం కాకపోయినా మందులతో, ఆహారంతో కొంత తేలికపరచవచ్చు.

రెండు సందర్భాల్లో మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకూడదు. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్క పొట్ట ఉబ్బి, వాంతి చేసుకోబోయి ఏమీ రాక, కుదురుగా ఉండలేక మూలుగుతుంటే కడుపు మెలి తిరిగి ఉండవచ్చు. గంటల్లో ప్రాణం పోతుంది. ఇంకొకటి, మూత్రానికి కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోవడం. నొప్పిగా ఉందని మనం వేసుకునే మాత్రలు దానికి వేయకండి. ఐబుప్రొఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. డాక్టరు చెప్పనిదే పారాసిటమాల్ కూడా వద్దు. దగ్గరలో మంచి వైద్యం దొరకనివాళ్లు రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులకు తీసుకెళ్లవచ్చు.

మూడు గడుల పుస్తకం

ఒంట్లో ఏమీ లేదని తేలాక మాకు పనికొచ్చింది ఒక నోటుపుస్తకం. పేజీకి మూడు గడులు. ఎప్పుడు కుయ్యిమంది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత మనం ఏం చేశాం. వారం రోజులు రాసి ఫ్రిజ్ మీద పెట్టాం. నాకు కళ్లు తెరిపించింది మూడో గడి. రాత్రి తొమ్మిదికి, మేం భోజనానికి కూర్చున్నప్పుడు, ఏడు రోజుల్లో ఏడుసార్లూ మల్లి కుయ్యిమంది. రెండు రోజులు ఎవరూ పట్టించుకోలేదు. ఒక రోజు నేను కసిరాను. మిగతా నాలుగు రోజులూ "ఏమే, ఆకలేస్తోందా" అంటూ మా అమ్మ పెరుగన్నం ముద్ద పెట్టింది.

అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలతో, పావురాలతో చేసిన ప్రయోగాల్లో తేలిన సంగతి ఒకటుంది. ప్రతిసారీ ఫలితం దొరికే పని కంటే, ఒకసారి దొరికి ఒకసారి దొరకని పనినే ప్రాణి వదలకుండా చేస్తుంది. ప్రతిసారీ దొరికేది ఆగిపోతే వెంటనే తెలిసిపోతుంది. అప్పుడప్పుడూ దొరికేదయితే ఈసారి కాకపోతే మరోసారి అని ఆశ ఉంటుంది. వారంలో నాలుగు ముద్దలతో మేం మల్లికి నేర్పింది అదే. నేను కసిరినా దాని లెక్కలో నేను దాని వైపు తిరిగి మాట్లాడినట్టే.

పట్టించుకోకుండా ఉండడం పనిచేసే చోటు ఇదే. భయం, నొప్పి, అవసరం ఏవీ లేక, అడిగితే దొరుకుతుందని నేర్చుకున్న మూలుగు దగ్గర. అక్కడ కూడా రెండు షరతులున్నాయి. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. పెద్దవాళ్లకు ఇది చెప్పడం కష్టం. పెట్టకుండా తినడం మా అమ్మకు నిజంగానే గొంతు దిగలేదు. రెండోది, ఈ మూలుగు తగ్గేముందు పెరుగుతుంది. ఇన్నాళ్లూ పనిచేసింది పనిచేయకపోతే ఎవరైనా ముందు ఇంకా గట్టిగా ప్రయత్నిస్తారు. స్విచ్ పనిచేయకపోతే మనం నాలుగుసార్లు టకటకా నొక్కినట్టు. మూడో రోజో నాలుగో రోజో రచ్చ తారస్థాయికి చేరుతుంది. చాలా ఇళ్లలో సరిగ్గా ఆ రోజే ఓడిపోతారు. దాంతో ఇంత గట్టిగా అడిగితేనే పెడతారని కుక్క నేర్చుకుంటుంది.

ఊరికే మానిపించడం కంటే బదులుగా ఏం చేయాలో చూపిస్తే కుక్కకు దారి దొరుకుతుంది. మేం వంటగది గుమ్మం పక్కన ఒక గోనెపట్టా వేశాం. మల్లి దాని మీద కూర్చుని రెండు క్షణాలు నోరు మూసుకుంటే చాలు, రెండు గింజలు డాగ్ ఫుడ్. తర్వాత అయిదు క్షణాలు, తర్వాత అర నిమిషం, చివరికి మా భోజనమంతా. ముద్ద కూడా మానలేదు. మేం లేచాక, అది పట్టా మీద ఉండగా, దాని గిన్నెలో మా అమ్మే పెడుతుంది. మూడు వారాలు పట్టింది. మా అమ్మకూ మనసు కుదుటపడింది.

ఒంటరిగా ఉన్నప్పటి ఏడుపు

మనం బయటికి వెళ్లగానే మొదలయ్యే మూలుగు పూర్తిగా వేరు. దీన్ని పట్టించుకోకపోవడం అనే మాటకే అర్థం లేదు, ఎందుకంటే వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. అది బేరం కాదు, భయం. 2020 లాక్‌డౌన్‌లో ఎంతోమంది కుక్కపిల్లల్ని తెచ్చుకున్నారు. ఏడాది, రెండేళ్లు ఇంట్లో పొద్దస్తమానం మనుషులున్నారు. ఆఫీసులు తెరిచాక ఆ కుక్కలు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఖాళీ ఇంట్లో మిగిలాయి. మల్లిలాగా తల్లికి మరీ ముందే దూరమైన పిల్లల్లోనూ ఈ బెంగ ఎక్కువగా చూశాను.

పాత ఫోన్ ఒకటి వీడియో పెట్టి వెళ్లండి. నిజమైన బెంగ సాధారణంగా మొదటి అరగంటలోనే బయటపడుతుంది. అటూ ఇటూ తిరగడం, చొంగ కారడం, తలుపు గీకడం, ఇష్టమైన తిండి పెట్టినా ముట్టకపోవడం, మూలిగి మూలిగి ఊళకు ఎక్కడం. గంట హాయిగా పడుకుని తర్వాత కుయ్యిమంటే అది విసుగో, మూత్రానికో అయి ఉండవచ్చు.

చాలా కుక్కలకు భయం మనం వెళ్లాక మొదలవదు. తాళాల గుత్తి చప్పుడుకే మొదలవుతుంది. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లో, తిండి వస్తోందన్న సూచన అందగానే కుక్కలకు నోరు ఊరినట్టు, వీటికి తలుపు మూయకముందే గుండె దడ. అందుకే మొదటి పని ఆ చప్పుళ్లకు అర్థం లేకుండా చేయడం. తాళాలు తీసుకుని టీవీ ముందు కూర్చోండి. చెప్పులు వేసుకుని వంటగదిలోకి వెళ్లండి. రోజుకు పదిసార్లు. అవి వినబడ్డా అది తల ఎత్తనప్పుడు, తలుపు బయటికి వెళ్లి పది సెకన్లలో తిరిగి రండి. తర్వాత అర నిమిషం, రెండు నిమిషాలు, మధ్యలో మళ్లీ పది సెకన్లు. దానికి గాబరా మొదలయ్యేలోపే మీరు రావాలి. అది గాబరా పడితే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగండి. ఈ పని సాగుతున్నన్నాళ్లూ దాన్ని ఎక్కువసేపు ఒంటరిగా వదలకుండా చూసుకోవాలి. అన్నిటికంటే కష్టం ఇదే. మేం పక్క ఫ్లాట్ పిన్నిగారిని బతిమాలుకున్నాం. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ముదిరిన బెంగకు మందులున్నాయి. అమెరికాలో కుక్కల్లో ఈ సమస్యకే క్లోమిప్రమిన్‌కు 1998లో, ఫ్లుఆక్సెటిన్‌కు 2007లో అనుమతి ఇచ్చారు. డాక్టరు రాస్తేనే వాడాలి, శిక్షణతో కలిపి వాడాలి. తోడుగా ఇంకో కుక్కను తెచ్చుకోమంటారు కొందరు. అది బెంగపడేది మన కోసం అయినప్పుడు రెండో కుక్క ఆ లోటు తీర్చలేకపోవచ్చు.

కొత్తగా వచ్చిన పిల్ల రాత్రుళ్లు ఏడవడం కూడా ఈ కోవలోనిదే. నిన్నటిదాకా తోబుట్టువుల మధ్య వెచ్చగా పడుకుని, ఇవాళ బాల్కనీలో ఒంటరిగా ఉందంటే ఏడవక ఏం చేస్తుంది? మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా నెల పిల్లల్ని "ఇప్పుడైతేనే బాగా మాలిమి అవుతుంది" అని అంటగట్టేవాళ్లున్నారు. నమ్మకండి. మొదటి రాత్రులు దాని బుట్ట మీ మంచం పక్కనే పెట్టుకోండి. చెయ్యి అందేలా ఉంటే చాలు. తర్వాత రోజుకు కొంచెం చొప్పున జరుపుకుంటూ వెళ్లవచ్చు. నడిరాత్రి లేచి కుయ్యిమంటే మూత్రానికి తీసుకెళ్లాల్సిందే. ఆ వయసులో రాత్రంతా ఆపుకోలేదు.

దీపావళి రాత్రి

మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. కుక్క చెవి సుమారు 45,000 దాకా వింటుంది. మనకు వినబడనంత సన్నటి శబ్దాలు కూడా దానికి తెలుస్తాయి. ఔటు, లక్ష్మీబాంబు, చవితి ఊరేగింపులో డీజే, ఉరుము దాన్ని హడలగొడతాయి. ఈ భయంతో మూలిగే కుక్కను దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని చాలామంది అంటారు. ఈ మాట తప్పు. భయం అది ఎంచుకుని చేసే పని కాదు కాబట్టి ఓదార్చడం దానికి బహుమానం కాదు. మీ ఒడిలోకి వస్తే రానివ్వండి. మంచం కింద దూరితే లాగకండి. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాను, టీవీ పెట్టండి. దీపావళి రోజు చీకటి పడకముందే బయటికి తిప్పి తెచ్చేయండి. మెడపట్టీకి మీ ఫోన్ నంబరు కట్టి ఉంచండి. ఆ రాత్రి గొలుసు తెంపుకుని పారిపోయే కుక్కలు చాలా ఉంటాయి. ఏటా బాగా వణికిపోయే కుక్కకు పండగకు రెండు వారాల ముందే డాక్టరును అడిగితే మందు ఇస్తారు.

చిత్తకార్తె సంగతి మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అక్టోబరు నడిమిన వీధి కుక్కలు జతకట్టే రోజులు. రెండు నెలలకు ఈనుతాయి. సంక్రాంతికి సందుల్లో పిల్లలు తిరిగేది అందుకే. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న మగకుక్క తిండి మానేసి తలుపు దగ్గర మూలుగుతుంటే అది మొండితనం కాదు, ఒంటి గొడవ. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. ఎదకు వచ్చిన నెలన్నర, రెండు నెలలకు ఆడకుక్క బొమ్మనో చెప్పునో నోట కరుచుకుని మూలకు చేరి మూలుగుతుంటే అది ఉత్తుత్తి చూలు. నవ్వకండి, ఆ బొమ్మ లాక్కోకండి. దానికది బిడ్డే.

పొద్దంతా గొలుసుకు కట్టేసిన కుక్క మూలుగు గురించి పెద్దగా విశ్లేషించడానికి ఏమీ లేదు. విప్పాలి, తిప్పాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కూడా, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను యజమాని తగినంత తిప్పకపోతే నేరమనే చెబుతోంది. తిప్పడమంటే పరుగెత్తించడమే కాదు, వాసన చూడనివ్వాలి. ప్రతి స్తంభం దగ్గరా ఆగనివ్వండి. ఎండాకాలం తారురోడ్డు మీద దాని కాళ్లు కాలుతాయి, పొద్దున్నే వెళ్లిరండి. వానరోజు పాత తువ్వాలులో గింజలు చుట్టి ఇస్తే వెతుక్కుంటూ అరగంట గడుపుతుంది.

కొట్టడం గురించి, కరెంటు షాకు ఇచ్చే మెడపట్టీల గురించి కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో అవి దొరుకుతున్నాయి, కొంటున్నారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో 2010లోనే వాటిని నిషేధించారు. కుక్కకు బహుమానాలతో నేర్పే పద్ధతులే వాడాలని జంతు ప్రవర్తన మీద పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో స్పష్టంగా చెప్పింది. షాకు తిన్న కుక్క నోరు మూసుకోవచ్చు. లోపలి భయం, నొప్పి అలాగే ఉంటాయి. ఈసారి మూలుగు లేకుండా నేరుగా కరుస్తుంది. అప్పుడు దాన్నే తప్పుపడతారు.

మల్లికి ఇప్పుడు ఆరేళ్లు. నోటుపుస్తకం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. సాయంత్రం అయిదున్నరకు లిఫ్టు మూడో అంతస్తులో ఆగగానే తోక ఊపుతూ, ఒళ్లంతా తిప్పుకుంటూ కుయ్యిమంటుంది. లిఫ్టులోంచి దిగేది మా అమ్మాయి అని దానికి తలుపు తీయకముందే తెలుసు. ఆ మూలుగు మాన్పించే ప్రయత్నం మేం ఎప్పుడూ చేయలేదు. చివరిసారి రాసిన పేజీలో మూడో గడిలో మా అమ్మాయి చేతిరాత ఉంది: "పుస్తకాల సంచీ కింద పడేసి, నేల మీద కూర్చున్నాను."